మత్తు, మెదడు, చికిత్స: మా సిరొంచ వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, సంతలో రెండూ కలిపి మాట్లాడుతూ పెరిగాం. ఇప్పుడు నేను చేసేది మత్తు వ్యసనం మీద పరిశోధన. సారా, తంబాకు, గంజాయి, మత్తు మాత్రలు మెదడుని ఏం చేస్తాయి, అందులోంచి మనుషులు ఎలా బయటపడతారు, కొందరు ఎందుకు పడలేకపోతారు అన్నదే నా పని. ఊరొస్తే చాలు, పెళ్ళిలో భోజనాల దగ్గర, ఆల్లాపల్లి బస్సులో, ఎక్కడ పడితే అక్కడ ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా. ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు మొదలుపెట్టొద్దు, వాడుతున్నవి ఆపొద్దు.

అక్కా, నువ్వు డాక్టరువేనా? మందు రాసిస్తావా?

రాయను. పేరు ముందు ఉన్న డాక్టరు పీహెచ్‌డీది. మందు రాసేది సైకియాట్రిస్టులు. నా పనిలో సగం ఊళ్ళలో కూర్చుని మనుషులతో మాట్లాడటం, సగం ల్యాబులో.

ల్యాబులో ఏం చేస్తారు? మెదడు చదివేస్తారట కదా?

అంత సీన్ లేదు. తలకి బిగుతైన టోపీ లాంటిది పెడతాం, దానికి చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు, ఒక్కోదాని కింద జెల్. మెదడులో పుట్టే విద్యుత్తుని అది పైనుంచి వింటుంది, అంతే. ఎదురుగా కంప్యూటర్లో బొమ్మలు వస్తుంటాయి, మంచినీళ్ళ గ్లాసు, కుర్చీ, మధ్యలో సారా సీసా. ఫలానా బొమ్మకి మీట నొక్కాలి, ఫలానా బొమ్మకి నొక్కకూడదు. నొక్కకుండా ఆగడంలో ఎవరు ఎంత తడబడతారు, సీసా కనిపించగానే మెదడు ఎన్ని మిల్లీసెకన్లలో ఉలిక్కిపడుతుంది, ఇవి మేం కొలిచేవి. మనవాళ్ళు తలకి నూనె దట్టించి వస్తారు, నూనె జుట్టు మీద ఎలక్ట్రోడ్ సరిగా పనిచేయదు. అందుకే ముందు రోజే ఫోన్ చేసి తలస్నానం చేసి రమ్మని బతిమాలుకోవడం కూడా ఈ పరిశోధనలో భాగమే. మనసులో ఏముందో మాత్రం ఏ టోపీ చెప్పదు.

తాగుడు జబ్బేంటి? కావాలని తాగేవాడికి జబ్బు అని పేరు పెడితే ఇంకా తాగుతాడు కదా?

అందరికంటే ఎక్కువగా అత్తలు, మామలు అడిగేది ఇదే. కోపంతో అడుగుతారు, ఆ కోపంలో న్యాయం ఉంది కూడా.

శాస్త్రవేత్తల్లోనే దీని మీద గొడవ ఉంది. అమెరికాలో మత్తు పరిశోధనకి పెద్ద దిక్కైన నిడా సంస్థకి 2003లో డైరెక్టరైన నోరా వోల్కో ఇది మెదడు జబ్బేనని దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చింది. వ్యసనంలో ఉన్నవాళ్ళ మెదడుని పెట్ స్కాన్లలో చూసి, డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు వాళ్ళలో తక్కువగా ఉన్నాయని, ఆగు అని చెప్పాల్సిన ముందు భాగం మందగించిందని చూపించింది. ఇటువైపు లీ రాబిన్స్ అనే ఆవిడ పని ఉంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు చాలామంది హెరాయిన్‌కి అలవాటు పడ్డారు, ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది, వీళ్ళంతా ఇళ్ళకొస్తే ఏమిటి గతి అని. 1971లో తిరిగొచ్చినవాళ్ళని ఆవిడ వెంటపడి ఇంటింటికీ వెళ్ళి చూస్తే, అక్కడ బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చాక మూడేళ్ళలో మళ్ళీ ఆ స్థితికి వెళ్ళినవాళ్ళు వందకి 12 మందే. మిగతావాళ్ళు చాలావరకు చికిత్స కూడా లేకుండా బయటపడ్డారు. ఊరు మారింది, తోడున్న మనుషులు మారారు, ఆ దినచర్య పోయింది.

నా మటుకు నాకు ఈ రెండూ ఎదురెదురు అనిపించవు. మెదడులో మార్పు నిజం, అది చుట్టూ ఉన్న బతుకుతో కలిసి నడుస్తుందన్నదీ నిజం. వంశంలోంచి వచ్చే వాటా సుమారు సగం అని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతాయి. మొదటి గ్లాసు ఎత్తింది తనే, ఒప్పుకుంటా. కానీ పదేళ్ళ తర్వాత పొద్దున్నే చేతులు వణుకుతూ ఎత్తే గ్లాసుని కూడా అదే లెక్కలో వేసి తిడితే లాభం లేదు. జబ్బు అన్నంత మాత్రాన పెళ్ళాన్ని కొట్టినదానికి మాఫీ రాదు. ఇది మాత్రం గట్టిగా చెబుతా, ఎందుకంటే కొందరు మా మాటల్ని అలా వాడుకుంటున్నారు.

డోపమైన్ అంటే ఆనందం ఇచ్చే రసాయనం అని యూట్యూబ్‌లో చెప్పారు. నిజమేనా?

సగం తప్పు. నాకు ఇష్టమైన ప్రశ్న కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

1954లో కెనడాలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్న తీగ దించి, ఎలుక మీట నొక్కితే కాస్త కరెంటు తగిలేలా పెట్టారు. తీగ సరైన చోట పడితే ఎలుక ఆగకుండా నొక్కుతూనే ఉంది. అది ఆనంద కేంద్రం అనుకున్నారంతా. ఆ తర్వాత చాలా ఏళ్ళకి వోల్ఫ్రామ్ షుల్ట్‌జ్ కోతుల మెదడులో డోపమైన్ కణాలని ఒక్కొక్కటిగా వింటూ వేరే సంగతి చూశాడు. కోతికి పళ్ళరసం చుక్క ఇస్తే మొదట్లో ఆ చుక్క పడినప్పుడు కణం చిటపటలాడింది. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, కణం రసానికి పలకడం మానేసి దీపానికి పలకడం మొదలెట్టింది. దీపం వెలిగి రసం రాకపోతే సరిగ్గా ఆ క్షణంలో కణం చప్పబడిపోయింది. అంటే డోపమైన్ చూసేది రుచిని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని.

ఇక మిషిగన్‌లో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్. ఎలుకల్లో డోపమైన్ దాదాపు లేకుండా చేసినా నోట్లో చక్కెర నీళ్ళు పోస్తే అవి మూతి నాక్కున్నాయి, అంటే రుచి తెలుస్తోంది. కానీ తిండి ఎదురుగా ఉన్నా లేచి వెళ్ళి తినాలన్న కోరిక లేదు. ఇష్టం వేరు, కావాలనడం వేరు అని వాళ్ళు తేల్చింది దీంతోనే. వ్యసనం ముదిరేకొద్దీ ఇష్టం తగ్గుతూ పోతుంది, కావాలనడం మాత్రం పెరుగుతుంది. పాత తాగుబోతుని కూర్చోబెట్టి అడగండి, తాగితే హాయిగా ఉంటుందా అని. చాలామంది లేదనే అంటారు. మరెందుకు తాగుతావంటే చెప్పలేడు, అబద్ధమాడుతున్నాడని మనం అనుకుంటాం.

మన దగ్గర దీన్ని కళ్ళారా చూడాలంటే పాన్‌ఠేలా, అంటే పాన్ డబ్బా, ముందు నిలబడితే చాలు. ఠేలావాడు ప్లాస్టిక్ కాగితంలో వక్కపొట్టు, తంబాకు, సున్నం వేసి ఖర్రాని పలకకేసి గరగరా రుద్దుతుంటాడు. అటుగా పోయే మనిషి ఆ చప్పుడికే ఆగుతాడు, నోట్లో అప్పటికే ఒక ముద్ద ఉన్నా సరే చెయ్యి జేబులోకి పోతుంది. షుల్ట్‌జ్ కోతికి దీపం ఎలాగో ఇతనికి ఆ రుద్దుడు అలాగ.

ఖర్రాని కూడా మత్తు కింద లెక్కేస్తారా? అది చిన్న పిల్లలూ తింటారు.

అదే కదా బాధ. నికోటిన్ మెదడుకి పాకడంలో, పట్టుకోవడంలో దేనికీ తీసిపోదు. వక్కని విడిగా తీసుకున్నా అది కాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం మొదటి గ్రూపులో పెట్టింది. ఏళ్ళ తరబడి తింటే బుగ్గల లోపలి పొర నారలా గట్టిపడి నోరు తెరుచుకోదు, ముద్ద పెట్టుకోవడానికి మూడు వేళ్ళు పట్టనివాళ్ళు మన తాలూకాలో ఉన్నారు. మహారాష్ట్రలో గుట్కా 2012 నుంచి నిషేధం. అయినా ఠేలా మీద చేతితో చేసిచ్చే ఖర్రా ఆగిందా?

2007లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం చెప్పాలి. పక్షవాతం లాంటివి వచ్చి మెదడులో ఇన్సులా అనే భాగం దెబ్బతిన్న కొందరు పొగరాయుళ్ళకి సిగరెట్ మీద కోరికే పోయింది, మానాలని తంటాలు పడకుండానే మానేశారు. కోరిక అనేది ఒంట్లో ఎక్కడ ఎలా తెలుస్తుంది అన్నదానికి నక్వీ, బెచారా బృందం చూపిన ఆ ముక్క ఇప్పటికీ మాకు దారి చూపిస్తోంది.

ఒక్కసారిగా మానేస్తే ప్రాణం పోతుందంటారు. బెదిరించడానికా?

బెదిరింపు కాదు. సారాకీ, మత్తు మాత్రలకీ ఇది నిజం. ఈ ప్రశ్నకి జవాబు మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మెదడులో నిదానించు అని చెప్పే గాబా అనే వ్యవస్థ ఒకటి, పరిగెత్తు అని చెప్పే గ్లూటమేట్ ఒకటి ఉంటాయి. ఆల్కహాల్ మొదటిదానికి వంత పాడుతుంది, రెండోదాన్ని నొక్కుతుంది. రోజూ తాగేవాడి మెదడు దానికి సరిపెట్టుకోవడానికి పరుగుని పెంచుకుంటుంది, నిదానాన్ని తగ్గించుకుంటుంది. హఠాత్తుగా సారా ఆగితే ఆ పరుగుకి పగ్గం ఉండదు. ఆఖరి గ్లాసు తర్వాత మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది, వణుకు, చెమటలు, జ్వరం, గుండె దడ, లేని పురుగులు కనబడటం. దుప్పటి మీద లేని దారాన్ని వేళ్ళతో లాగుతూ ఉంటారు, తాము ఎక్కడున్నారో కూడా తెలియదు. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు.

మన ఊళ్ళలో జరిగేది ఇది: మాఘ ఫాల్గుణాల్లో మిరప కోతకి ఖమ్మం, వరంగల్ వైపు వెళ్ళిన మనిషి అక్కడ కూలి పూర్తయ్యాక రోజూ తాగి, ఇంటికొచ్చాక సారా దొరకకో డబ్బుల్లేకో ఆపేస్తాడు. మూడో రోజు అర్ధరాత్రి గోడ మీద ఎవరో ఉన్నారని అరుస్తాడు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించడానికి తీసుకుపోతారు. పోయిన ఆ ఒక్క రాత్రే చాలా ఖరీదైనది. గాలి కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టరుకి చెప్పండి. సెలైన్లో గ్లూకోజ్ ఎక్కించే ముందో, దాంతోపాటో థయమిన్, అంటే బీ1 విటమిన్ ఇస్తారా అని అడగండి, అడిగితే తప్పేం లేదు. పస్తులతో తాగినవాళ్ళలో బీ1 అడుగంటి ఉంటుంది. అలాంటప్పుడు అది లేకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే జ్ఞాపకశక్తి ఎప్పటికీ దెబ్బతినే ప్రమాదం ఉంది.

కల్లు సంగతి ఇంకోటి. చెట్టు కల్లు గురించి కాదు నేను చెప్పేది. తెలంగాణ వైపు కొన్ని దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లు అమ్మేవాళ్ళు. 2015లో దాని మీద దాడులు చేసి సరఫరా ఆపితే, రోజూ తాగే జనం పిచ్చి చేష్టలతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో బారులు తీరారు. కల్లే కదా అని డాక్టరు దగ్గర దాచకండి.

మా ఆయనకి తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందట. ఇప్పించగలవా?

ఇప్పించను. ఈ మాట అడిగే ఆడవాళ్ళ పరిస్థితి నాకు తెలుసు, తప్పు పట్టట్లేదు. కానీ ఆ పొడిలో చాలాసార్లు ఉండేది డైసల్ఫిరామ్. దీని కథ వినండి. డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్‌సెన్ అనే ఇద్దరు దాన్ని నులిపురుగుల మందుగా పనికొస్తుందేమోనని పరీక్షిస్తూ తామే మింగి చూశారు. తర్వాత మామూలుగా కాస్త మందు పుచ్చుకునేసరికి ఒళ్ళంతా ఎర్రబడి, వాంతులు, దడ. 1948లో దాన్ని తాగుడు మాన్పించే మందుగా బయటపెట్టారు. ఆల్కహాల్ ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది, దాన్ని కాలేయం వెంటనే తొలగిస్తుంది. ఈ మాత్ర ఆ తొలగింపుని ఆపేస్తుంది. తెలిసి మింగేవాడికి అదొక కంచె, తాగితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఆగుతాడు. తెలియనివాడు ఎప్పటిలాగే క్వార్టర్ పూర్తిగా దించుతాడు, బీపీ పడిపోతుంది, గుండె బలహీనంగా ఉంటే అక్కడే పోతాడు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది, ఎప్పుడో ఒకప్పుడు సంగతి బయటపడుతుంది, ఆ తర్వాత ఆ మనిషి ఏ మందూ నమ్మడు, ఇంటి అన్నం కూడా నమ్మడు.

మరి అసలు పనిచేసే మందులు ఉన్నాయా?

ఉన్నాయి, జనానికి తెలియనంత ఉన్నాయి. తాగుడుకి నాల్ట్రెక్సోన్, అది తాగినప్పుడు వచ్చే కిక్కుని మందగింపజేస్తుంది. అకాంప్రోసేట్, మానేశాక ఉండే అశాంతిని తగ్గిస్తుంది, రోజుకి మూడుసార్లు మింగాలి కాబట్టి చాలామంది వదిలేస్తారు. కాలేయం దెబ్బతిన్నవాళ్ళకి బాక్లోఫెన్ వాడతారు. ఏది ఎవరికి అన్నది డాక్టరు తేల్చాలి.

హెరాయిన్ లాంటివాటికి మెథడోన్, బుప్రెనార్ఫిన్. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇవ్వడం ఏంటని వెంటనే అడుగుతారు. ఇదే మాట 1964లో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్, అప్పటికి ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న మేరీ జీన్ క్రీక్‌ని కూడా అన్నారు. వాళ్ళు చూసింది ఏంటంటే, హెరాయిన్ కొన్ని గంటలకే దిగిపోయి మనిషిని మళ్ళీ పరిగెత్తిస్తుంది, నోటితో తీసుకునే మెథడోన్ రోజంతా నిలకడగా ఉంటుంది, ఎక్కడమూ లేదు దిగడమూ లేదు, మనిషి ఉద్యోగానికి వెళ్ళగలడు, పిల్లల్ని చూసుకోగలడు. క్రీక్ 2021లో చనిపోయేదాకా అక్కడి రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలోనే, ఆ ఒక్క విషయం మీదే పనిచేసింది. ఈ రంగంలో ఎవరి జీవితం లాంటిది కావాలి అని నన్నడిగితే నోబెల్ వచ్చినవాళ్ళ పేర్లు చెప్పను, ఆవిడ పేరే చెబుతా.

ఆరు నెలలు మానేశాడు, దసరాకి మళ్ళీ మొదలెట్టాడు. డబ్బులు దండగేనా?

కాదు. ఆరు నెలలు మానేశాడు, అది ఎక్కడికీ పోలేదు.

షుగర్ ఉన్నవాడు పండగకి లడ్డూలు తిని షుగర్ పెంచుకొస్తే ఇన్సులిన్ దండగ అనం, మోతాదు చూసుకుంటాం. ఇక్కడా అంతే. మానేయడం అంటే పాత నేర్పు చెరిగిపోవడం కాదు, దాని మీద కొత్త నేర్పు పేరుకోవడం. కొత్తది నేర్చుకున్న చోట బాగా పనిచేస్తుంది, పాతది మాత్రం ఏ చోట అయినా లేస్తుంది. అందుకే గడ్చిరోలిలోనో నాగపూర్‌లోనో కేంద్రంలో నెల రోజులు ఒక్క కోరికా కలగని మనిషి, సిరొంచ బస్టాండులో దిగి పాత దోస్తుని చూడగానే తడబడతాడు. కేంద్రంలో నటించాడని కాదు, మెదడు అలా కట్టబడి ఉంది.

అలన్ మార్లట్ అనే సైకాలజిస్టు ఇంకొకటి గమనించాడు. జారిన మొదటి గ్లాసు కంటే ప్రమాదకరం దాని తర్వాత వచ్చే ఆలోచన: ఎలాగూ పోయింది, ఇక నా వల్ల కాదు. ఆ సిగ్గే రెండో గ్లాసు, సీసా, వారం తాగిస్తుంది. ఇంట్లోవాళ్ళం ఆ సమయంలో సరిగ్గా అదే మాట అంటాం, నీ వల్ల కాదని మాకు ముందే తెలుసు అని. అనకండి. మర్నాడు పొద్దున్నే కూర్చోబెట్టి ఎక్కడ, ఎవరితో, ఏ గంటకి అని అడగండి, డాక్టరుకి కావాల్సింది అదే.

మెదడు కోలుకుంటుందా అంటే, కోలుకుంటుంది, నెమ్మదిగా. మెథాంఫెటమిన్ అనే మత్తుమందు వాడి మానేసినవాళ్ళలో దెబ్బతిన్న డోపమైన్ రవాణా ఏడాది పైన అయ్యేసరికి చాలావరకు తిరిగి రావడం వోల్కో బృందమే 2001లో చూపించింది. నెల రోజుల ప్యాకేజీలతో మెదడు పని అవ్వదు.

ఎలుకల మీద చేసినవి మనుషులకెలా పనికొస్తాయి?

అన్నీ పనికిరావు. 1970లలో ఎలుకని ఒంటరి బోనులో పెట్టి మత్తు నీళ్ళు ఇస్తే తాగుతూనే ఉందని చూసి, బ్రూస్ అలెగ్జాండర్ కెనడాలో ఎలుకలకి విశాలమైన చోటు, తోడు, ఆటవస్తువులు ఇచ్చి చూశాడు. అవి మార్ఫిన్ నీళ్ళు తక్కువ తాగాయి. తర్వాత చేసినవాళ్ళకి అందరికీ అదే ఫలితం రాలేదు కాబట్టి దాన్ని మరీ భుజాన వేసుకోను. కానీ 2007లో ఫ్రాన్స్‌లో సెర్జ్ అహ్మద్ బృందం కొకైనా తీపి నీళ్ళా అని ఎంచుకోమంటే వందకి 94 ఎలుకలు తీపి నీళ్ళే ఎంచుకున్నాయి. 2018లో వెన్నిరో, షాహమ్ మత్తుమందా తోటి ఎలుకా అని అడిగితే దాదాపు ఎప్పుడూ తోటి ఎలుకనే.

మనుషుల్లో దీనికి జోడి వెర్మాంట్‌లో స్టీఫెన్ హిగ్గిన్స్ చేసిన పని. మూత్ర పరీక్షలో మత్తు లేకపోతే చిన్న బహుమతి కూపను, వరసగా ఉంటే పెరుగుతూ పోతుంది. లంచమిచ్చి మాన్పిస్తారా అని నవ్వారు. కొకైన్ వ్యసనానికి మందే లేని చోట బాగా పనిచేసింది అదే.

మన జిల్లాలో దారూబందీ ఉంది కదా, ఇక నీ పరిశోధన ఎందుకు?

(ఇది అడిగేవాళ్ళు నవ్వుతూనే అడుగుతారు.)

గడ్చిరోలిలో 1993 నుంచి మద్యం నిషేధం. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ లాంటివాళ్ళు, ఊళ్ళ ఆడవాళ్ళు పోరాడి తెచ్చుకున్నది. పక్కన చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. మనకి నది దాటితే కాళేశ్వరం, అటు పూర్తిగా తెరిచిన దుకాణాలు. తెలుగు నేల మీద కూడా 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించి, 1997లో సడలించారు.

నా అభిప్రాయం చెబుతా, తిట్టుకున్నా సరే. నిషేధం కొత్తగా తాగేవాళ్ళని తగ్గిస్తుంది, వీధిలో గొడవ తగ్గిస్తుంది, ఆడవాళ్ళకి నోరు విప్పే ధైర్యం ఇస్తుంది. అప్పటికే బానిసైనవాడికి మాత్రం చికిత్స లేకుండా నిషేధం ఒక్కటే ఉంటే పడవెక్కి అటు పోతాడు, లేదా ఎక్కువ డబ్బుకి దొంగసారా కొంటాడు. రెండూ కలిపి నడపాలని చూసిన ప్రయత్నం 2016లో మన జిల్లాలోనే మొదలైన ముక్తిపథ్. పెద్ద నగరాల పరిశోధకులు మా జిల్లాని వెనకబడిందంటారు గానీ, ఇలా జిల్లా మొత్తాన్ని తీసుకుని సారానీ తంబాకునీ కలిపి పట్టుకున్నవి దేశంలో ఎన్ని?

ఊళ్ళో ఎవరు ఎంత తాగుతారో మీకు నిజం చెబుతారా?

ఎలా అడిగామన్నదాన్ని బట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థది ఆడిట్ అని పది ప్రశ్నల పట్టిక ఉంది. ఒక్కసారి కూర్చుంటే ఎన్ని డ్రింకులు అని అందులో ఉంటుంది. ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మనవాడు ఒక్కటే తాగుతా మేడమ్ అంటాడు, ఆ ఒక్కటీ క్వార్టర్. 180 మిల్లీలీటర్ల విస్కీలో 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే ఆరు డ్రింకులు. ఇప్పసారాకి ఆ లెక్క కూడా లేదు, ఒక్కో బట్టీది ఒక్కో ఘాటు. అందుకే మేం ఇంట్లో ఉన్న గ్లాసే తెప్పించుకుని, ఎక్కడిదాకా పోస్తావో నీళ్ళు పోసి చూపించు అంటాం. చూపిస్తారు. నీళ్ళు పోసేటప్పుడు ఎవరూ అబద్ధం ఆడరు, చెయ్యి అలవాటుగా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది.

భాష తెలియడం ఇక్కడే పనికొస్తుంది. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలోకి, అవసరమైతే ఇక్కడి గోండుల మాడియా భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని మాట్లాడితే గానీ అసలు సంగతి రాదు.

పిల్లలు ఈ లైనులోకి రావాలంటే ఏం చదవాలి? డబ్బులొస్తాయా?

దారులు చాలా ఉన్నాయి. ఎంబీబీఎస్, ఎండీ సైకియాట్రీ చేసి ఆ తర్వాత అడిక్షన్ సైకియాట్రీలో డీఎం చేయొచ్చు, బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐలో ఉంది. ఎయిమ్స్ వాళ్ళ మత్తు చికిత్స కేంద్రం గాజియాబాద్‌లో ఉంటుంది. మెదడు వైపు ఇష్టమైతే బయాలజీ, ఫిజిక్స్, కంప్యూటర్స్ ఏదైనా చదివి న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి పోవచ్చు, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ, బెంగళూరు ఐఐఎస్‌సీ ఉన్నాయి. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కూడా దారులే. సీఎస్‌ఐఆర్ నెట్ రాసి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 నుంచి నెలకి 37,000, ఇంటద్దె భత్యం వేరే. పీహెచ్‌డీ అయ్యేసరికి తోటివాళ్ళు ఇల్లు కట్టేసి ఉంటారు, ఆ మాట ముందే చెప్పడం మంచిది.

ఇంత చదువు వద్దనుకునేవాళ్ళకి ఒకటి చెప్పాలి. గోవాలో అభిజిత్ నాడ్‌కర్ణి, విక్రమ్ పటేల్ బృందం డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చే తాగుడు సమస్య ఉన్న మగవాళ్ళతో కొన్ని విడతలు మాట్లాడించారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం: మూడు నెలలకి వాళ్ళలో 36 శాతం మంది ప్రమాదపు స్థాయి కిందికి వచ్చారు, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 26 శాతం. తేడా పది శాతమే అనిపిస్తుంది. 2019 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 5.7 కోట్ల మందికి తాగుడు విషయంలో సాయం కావాలి, సారాకి పూర్తిగా బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందికి సైకియాట్రిస్టులు ఎక్కడినుంచి వస్తారు? మన ఆశా వర్కర్లు, పన్నెండో తరగతి చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఈ పని చేయగలరు.

కేంద్రంలో చేర్పించేటప్పుడు ఏం చూడాలి?

డాక్టరు రోజూ వస్తాడా, మొదటి వారం ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, ఇంటివాళ్ళని కలవనిస్తారా, ఇంటికి పంపాక ఎన్ని నెలలు ఫోన్ చేస్తారు. కొట్టే చోట, గొలుసు వేసే చోట, ఎత్తుకుపోయి తెస్తాం అనే చోట చేర్పించకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి మత్తు వ్యసనం కూడా వస్తుంది, గొలుసులు వేయడాన్ని ఆ చట్టం నిషేధించింది. గంజాయి లాంటివి వాడేవాళ్ళకి కేసు అవుతుందేమోనన్న భయం ఉంటుంది. తక్కువ మోతాదుతో పట్టుబడినవాళ్ళు తమంతట తాము చికిత్సకి వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది.

మీ నంబర్ ఇస్తారా?

ఇవ్వను, ఇస్తే పని సాగదు. 14446 మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా టెలీ మానస్ 14416కి చేయండి. తాగేవాడే చేయాలని లేదు, భార్య చేయొచ్చు, కొడుకు చేయొచ్చు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నా ఫోన్లు పెట్టుకుని కూర్చోకండి, 108కి చేసి బండి ఎక్కించండి.